బోర్డు మీద 1911

మార్చి 1, శనివారం

నన్ను ఇంట్లోంచి బయటికి పంపడానికి ప్రణవి దారి కనిపెట్టింది. తను ఉండే బెడోక్ పేటలో పిల్లల దగ్గరికి వచ్చిన మా వయసు తెలుగువాళ్ళు పదిహేడు మంది ఉన్నారట. గోపీకృష్ణ అనే ఆయన ప్రతి శనివారం వాళ్ళని మినీబస్సులో తిప్పుతాడట. పేరు హెరిటేజ్ గార్డెన్స్ ట్రయల్. వెళ్ళు నాన్నా, నీ కాలమ్‌కి ఏదైనా దొరుకుతుంది అంది. రిటైరైనా ఆదివారం కాలమ్ ఇంకా నడుస్తోంది కాబట్టి ఆ మాట పనిచేసింది.

మూడు గుళ్ళ తోటలు చూశాం. మొదటి రెండింటిలో రాళ్ళు, చేపలు, బోర్డులు. మనవాళ్ళు చేపలతో ఫొటోలు దిగారు. మూడోది బూన్ లే అవతల, ఫ్యాక్టరీల మధ్య చిన్న బౌద్ధాలయం. వెనక అర ఎకరం తోట, మధ్యలో పెద్ద చెట్టు, దాని కింద ఇత్తడి బోర్డు. బుద్ధుడు నిర్యాణం పొందింది ఈ జాతి సాల వృక్షాల కిందనేనట. ఈ మొక్కను 1911లో కుశినగరం నుంచి తెచ్చారట.

గోపీకృష్ణ బోర్డు చదివి గొంతు తగ్గించాడు. అక్కడ తగ్గించాలని ముందే నేర్చుకున్నట్టుంది.

తారాదేవి గారు మాత్రం బోర్డు చూడలేదు, పైకి చూశారు. రాజమండ్రిలో టీచరుగా చేసి రిటైరయ్యారు, గొంతు ఇంకా క్లాసురూము గొంతే. అయ్యబాబోయ్, ఇది నాగలింగమండీ, శివుడి పువ్వు అని కేకేశారు. మాను నిండా ఎర్ర పూలు, ఒక్కో పువ్వులో పడగ, పడగ కింద లింగం లాంటిది. రెండు నిమిషాల్లో అందరూ చెప్పులు విప్పారు. పన్నెండు మంది హ్యాండ్‌బ్యాగుల్లోంచి, జేబుల్లోంచి ప్లాస్టిక్ కవర్లు తీశారు. లెక్కపెట్టాను. పాస్‌పోర్ట్ ఎక్కడ పెట్టారో గుర్తుండని మనుషులు పరాయి దేశంలో, పరాయి గుడిలో పూజకు పూలు కోసుకోవడానికి కవరు మాత్రం మరిచిపోలేదు.

ఎవరూ చెయ్యి వేసేలోపే తోటమాలి వచ్చి అడ్డం నిలబడ్డాడు. ముసలాయన. చేతిలో బుట్ట, నిండా పొద్దున రాలిన పూలు. కోయొద్దమ్మా, రాలినివి ఏరి పెట్టినా, దేవుడు ఏమీ అనుకోడు అని తెలుగులో చెప్పి తలా రెండు పంచాడు. గోపీకృష్ణ అతన్ని అంకుల్ అని పిలిచాడు, పేరు తెలియదు.

అటు బుద్ధుడు, ఇటు శివుడు, మధ్యలో సెల్ఫీలు. అది నిజంగా ఏ చెట్టో ఒక్కరూ అడగలేదు.

మార్చి 2, ఆదివారం

కాలేజీలో బోటనీ చెప్పిన ఇద్దరికి విడివిడిగా ఫొటో పంపాను. ఇద్దరి జవాబూ ఒకటే. సాల కాదు, దక్షిణ అమెరికా చెట్టు.

మార్చి 5, బుధవారం

ఒక్కడినే ట్రైన్‌లో వెళ్ళాను. పొద్దున ఎనిమిదిన్నర. తోటమాలి పూలు ఏరుతున్నాడు.

ఏ ఊరు మీది అని అడిగాను. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను ఎక్కువ తాళాలు తీసింది ఆ ప్రశ్నతోనే. పేరు భద్రయ్య, డెబ్బై రెండేళ్ళు. పుట్టింది ఇక్కడే సారు, తాత శ్రీకాకుళం వైపంట అన్నాడు. తెలుగు చదవడం రాదు. మాటలో సగం తమిళం, మలయ్. మకాన్ అయిందా సారు, అంటే తిన్నారా అని అడిగి, నేను జవాబు చెప్పకముందే తన పరోటాలో సగం నా చేతిలో పెట్టాడు. శనివారం వాళ్ళు పువ్వు తీసుకుని పోతారు, ఇట్లా కూర్చుని తెలుగు మాట్లాడేది అమ్మ పోయినాక ఇదే అన్నాడు.

నేను 1911 సంగతి ఎత్తాను. నవ్వాడు. ఆ చెట్టు ఎనభై ఎనిమిదిలో పిడుగు పడి పోయింది సారు, ఇది నేనే పెట్టినా అన్నాడు. అప్పటి పెద్ద సామి ఎక్కడినుంచో మొక్క తెప్పించాడట. బోర్డు తీసేదా అని ఇతను అడిగితే, ఉండనీ భద్రా, వచ్చేవాళ్ళకి మొక్కడానికి ఒకటి కావాలి, ఎవరికీ చెప్పబాకు అన్నాడట. ముప్పై ఏడేళ్ళు చెప్పలేదు. ఇవాళ నాకు చెప్పాడు, తెలుగులో అడిగాను కాబట్టి.

అప్పుడు నా చేతిలో పెన్ను చూశాడు. మీరు పేపర్ ఆళ్ళా సారు అని అడిగాడు. అవునన్నాను. అయితే ఇది వెయ్యకండి, నెలాఖరుకి కమిటీ మీటింగు ఉంది అన్నాడు. తోట పని ఒక కంపెనీకి ఇవ్వాలా, ఇతన్నే ఉంచాలా అని తేలుస్తారు. ఉంచితేనే గది. తోట వెనక, మంచం పడితే తలుపు సగమే తెరుచుకునే గది. ముప్పై తొమ్మిదేళ్ళుగా అందులోనే ఉంటున్నాడు.

చూద్దాం అన్నాను.

చూద్దాం అంటే ఏమిటో మా డెస్కులో అందరికీ తెలుసు. అతను తల ఊపి, థాంక్స్ సారు అన్నాడు.

మార్చి 8, శనివారం

బస్సెక్కలేదు. కాలమ్ రాశాను. 640 పదాలు. చెట్టు జాతి అబద్ధం, సంవత్సరం అబద్ధం, బోర్డు అబద్ధం, చెప్పులు విప్పినవాళ్ళ భక్తికి ఆధారం వాళ్ళ కవర్లు. భద్రయ్య పేరు వేశాను. పేరు లేని సోర్సు నాకు ఏనాడూ నచ్చలేదు.

మార్చి 9, ఆదివారం

ప్రణవి చదివింది. భద్రయ్య అడిగింది తనకి బుధవారమే చెప్పాను. ఆయన వద్దన్నాడు కదా నాన్నా అంది. నేను మాట ఇవ్వలేదు అన్నాను. నేనడిగింది అది కాదు అంది. కాలమ్ అప్పటికే పంపేశాను.

మార్చి 16, ఆదివారం

వచ్చింది. ఒక్క పదం కూడా కోయలేదు.

మార్చి 17, సోమవారం

గోపీకృష్ణ ఫోన్. సార్, కుమ్మేశారు సార్, మన తెలుగోడు నాటిన చెట్టా అది అని అరుస్తున్నాడు. పేరెంట్స్ గ్రూపులో పెట్టాడట. మనవాడి పేరు ఎక్కడ అచ్చులో కనిపించినా వీళ్ళు పైనా కిందా ఏముందో చదవరు. ఇతన్ని, ఇతని బస్సుని ఏకిపారేసిన పేరా కూడా అందులోనే ఉంది, ఇతనికి కనిపించలేదు.

అక్కడితో ఆగలేదు. ఫోన్‌లోనే ఇంగ్లీషులోకి మార్చి బౌద్ధాలయం కమిటీ సెక్రటరీకి పంపాడు. వాళ్ళూ హ్యాపీ ఫీలవుతారు కదా సార్ అన్నాడు.

మార్చి 21, శుక్రవారం, సాయంత్రం 5

బూన్ లే వెళ్ళాను. గదికి కొత్త తాళం.

సెక్రటరీ చైనీస్ ఆవిడ, అరవై దాటి ఉంటుంది. కూర్చోమని టీ ఇచ్చింది. నెలాఖరు దాకా ఆగలేదట, మంగళవారమే మీటింగు పెట్టారట. బోర్డు తప్పయితే తీసేస్తాం, అది చిన్న విషయం అంది. కానీ ఇన్నేళ్ళు తెలిసీ మాకు చెప్పకుండా పేపర్‌కి చెప్పిన మనిషిని ఎలా ఉంచుకోమంటారు అని అడిగింది. తోట కంపెనీకి ఇచ్చేశారు. భద్రయ్య వుడ్‌ల్యాండ్స్‌లో మేనకోడలు ఉదయశ్రీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువు. కోపగించిన వాళ్ళతో ఎలా మాట్లాడాలో నాకు బాగా తెలుసు.

అతను చెప్పింది పేపర్‌కి కాదు, తెలుగు మాట్లాడే ఒక మనిషికి అని చెప్పాను. ఆ మనిషి మీరే కదా అంది.

మార్చి 22, శనివారం

బస్సెక్కాను. బోర్డు లేదు. చెట్టు చుట్టూ పసుపు టేపు, పక్కన యూనిఫాంలో కొత్త గార్డు.

గోపీకృష్ణ మళ్ళీ గొంతు తగ్గించాడు. ఫ్రెండ్స్, మన తెలుగు మహానుభావుడు భద్రయ్య గారు 1911లో స్వహస్తాలతో నాటిన చెట్టు ఇది అన్నాడు. నా కాలమ్‌లోంచి పేరు తీసుకున్నాడు, ఊడదీసిన బోర్డులోంచి సంవత్సరం తీసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పక్కకి పిలిచి చెప్పాను. 1988, మనిషి బతికే ఉన్నాడు, వారం వారం మీకు పూలు పంచిన ఆయనే అని. ఊరుకోండి సార్, బుట్ట అంకుల్ నాటాడంటే ఎవరు వింటారు అన్నాడు.

తారాదేవి గారు ఖాళీ కవరు పట్టుకుని, బుట్టాయన ఏడండీ అని అందరినీ అడిగారు. నన్నూ అడిగారు. తెలియదన్నాను. ఈ డైరీలో నేను రాస్తున్న మొదటి అబద్ధం, అదీ నేను ఆడిందే.

మార్చి 26, బుధవారం

వుడ్‌ల్యాండ్స్. పదకొండో అంతస్తు. హాల్లో మడత మంచం, కిటికీలో రెండు కుండీలు, రెండింట్లోనూ కరివేపాకు. ఉదయశ్రీ తలుపు తీసి, పేరు విని, లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

భద్రయ్య మాత్రం మకాన్ అయిందా సారు అని అడిగాడు. మీరు రాసింది ఉదయశ్రీ ఫోన్‌లో పెట్టి వినిపించింది, ఒక్క తప్పు లేదు సారు, అంతా నిజమే అన్నాడు. తిట్టలేదు. నేను ముప్పై ఆరేళ్ళు కోరుకున్న మెచ్చుకోలు అదే. క్షమించమని అడగాలని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ వాతావరణం గురించి మాట్లాడాను.

వచ్చేటప్పుడు లిఫ్టు దాకా వచ్చాడు. తోట ఒకసారి చూడాలని ఉంది సారు అన్నాడు. కంపెనీ వాళ్ళు ఇతన్ని రానివ్వడం లేదు. శనివారం టూరిస్టులని మాత్రం రానిస్తారంట, మీ బస్సులో ఒక సీటుందా అని అడిగాడు.

చూద్దాం అనబోయాను.

ఉంది అన్నాను.

మార్చి 29, శనివారం

భద్రయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. తోటలో గోపీకృష్ణ అతన్ని చూశాక కూడా 1911 అనే చెప్పాడు. భద్రయ్య కూడా అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

టేపుకు అవతల ఒక పువ్వు రాలి ఉంది. వంగి తీసి, తారాదేవి గారి కవర్లో వేశాడు.

అంకుల్, డోంట్ టచ్ అని గార్డు విజిల్ ఊదాడు.

భద్రయ్య కవర్లోంచి పువ్వు తీసి, అది రాలిన చోటే పెట్టాడు.