ముసలమ్మ సీసా పొంగింది

మంగళవారం, మధ్యాహ్నం

పాండాలకు తల్లి, మా అన్నయ్యకు యజమానురాలు అయిన వదినగారికి ఆడపడుచు నమస్కరించి రాయునది.

నేను క్షేమమే. నీ ఫోన్ నిన్నటి నుంచి మోగి మోగి ఊరుకుంటోంది. అందుకే ఇది రాసి అన్నయ్య చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వు జూ నుంచి పంపిన రెండు పెట్టెలూ అందాయి. ఒకదాని మీద నీ మగ పాండా బండోడి పేరు, రెండోదాని మీద నువ్వు కన్నబిడ్డలా మేపుతున్న ఆడ పాండా ముసలమ్మ పేరు. లద్దె పెట్టెలు వస్తే పెళ్లికొచ్చిన చుట్టాల్లా ఎదురెళ్లే ల్యాబు మాదొక్కటే అనుకుంటా.

తెలిసిందే చెబుతున్నానని విసుక్కోకు. పాండా తినేది వెదురు, పేగు మాత్రం మాంసం తినే జంతువుకున్నట్టు పొట్టిది. తిన్నదాంట్లో చాలావరకు అరగకుండానే పోతుంది. ఆ కాస్తసేపట్లో లోపలి సూక్ష్మజీవులు వెదురును పులియబెట్టి ఎంత ఇస్తే అంతే ఒంటికి పట్టేది. మేము చేసేదీ అదే. గాలి తీసేసిన సీసాలో వెదురు పొడి, కొంచెం లద్దె కలిపి గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో పెడతాం. గ్యాస్ పుడితే జీవులు పనిచేస్తున్నట్టే.

తిన్నది ఒంటికి పట్టక ఎముకల గూడైపోయిన ముసలమ్మ సీసా చప్పుడు చేయకుండా పడుంటుందనుకున్నాను. పొద్దున తలుపు తీసి చూశాను. మూత ఎగిరి అవతల పడింది. తొట్టి నిండా నురగ, గది నిండా పులిసిన వాసన. బండోడి సీసాకు ఏమాత్రం తీసిపోలేదు! నా కళ్లను నేనే నమ్మలేదు.

మా పెద్ద డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశారు. దీని కడుపులో పులియడం బ్రహ్మాండంగా ఉంది, అయినా చిక్కిపోతోందంటే పేగులో ఏదో అడ్డుపడుంటుంది, గురువారం కోసి చూసేద్దాం అన్నారు. ఇంత నీరసంలో మత్తిస్తే మళ్లీ లేస్తుందా సార్ అని అడిగితే, లేవకపోవచ్చమ్మా, అలాగని చూస్తూ కూర్చోలేం కదా అన్నారు.

వదినా, పెట్టెలు ఎక్కడైనా తారుమారయ్యాయేమో చూడు. హడావుడిలో ఎవరికైనా జరుగుతుంది. ముసలమ్మది ఇంకో పెట్టె తాజాగా అన్నయ్యకిచ్చి పంపు. సాయంత్రానికల్లా సీసాలో పెట్టేస్తాను.

నీ మీద అలగడమే తప్ప కోప్పడడం చేతకాని
ఆడపడుచు

తా.క.: ఇది అన్నయ్య కంటపడకూడదని వేరే చీటీ మీద రాసి, మడిచి అంటించాను. పెట్టెలు తారుమారు కాలేదు. రెండింట్లోనూ ఉన్నది బండోడిదే. ముసలమ్మకు పళ్లు అరిగిపోయాయని, వెదురు పొడుగాటి చీలికలుగానే బయటికొస్తోందని నువ్వే చెప్పి ఏడ్చావు. దాని పేరున్న పెట్టెను జల్లెడ పట్టాను. అలాంటి చీలిక ఒక్కటీ లేదు. మా వదిన ఇంత పని చేసిందా అని ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

లోపల జీవులు చచ్చిపోయాయని తేలితే, ఇక లాభం లేదని సూదేసి శాశ్వతంగా నిద్రపుచ్చుతారనే కదా నీ భయం? పిచ్చి వదినా, అలా తేలితే బండోడి లద్దెను వడకట్టి, అందులోని జీవుల్ని దీని పేగులోకి ఎక్కిస్తారు. బతుకుతుందని మాటివ్వలేను. కానీ కత్తి మాత్రం పడదు. ఇప్పుడు ఆ కత్తి కిందికి దాన్ని పంపుతున్నది నువ్వు పెట్టిన పెట్టే.

డాక్టరుగారికి ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున చెప్పేస్తాను, నీ ఉద్యోగం పోయినా, మన మధ్య మాటలే పోయినా. ఈలోపు నువ్వే చెబితే నీ పక్కన నిలబడతాను. అన్నయ్య గేటు దగ్గరే ఉంటాడు. పెట్టెతో పాటు నువ్వూ వచ్చెయ్.