నేను దాచుకున్న మాటీలు

రామనగుడ, మంగళవారం

తల తుడుచుకుంటుంటే తువ్వాలుకి జూకా తగులుకుని పాప ఎడమ చెవి తమ్మె రెండుగా చీలింది. వాళ్ళమ్మ జూకాలవి. సంవత్సరీకం అయ్యాక నేనే ఇచ్చాను. గుణుపూర్‌లో డాక్టరు మూడు కుట్లు వేశాడు. పాప ఏడవలేదు. "నాన్నా, అమ్మవి మళ్ళీ ఎట్టుకోవచ్చా?" అని మాత్రం అడిగింది. కొన్ని నెలలు ఆగి, మచ్చ పక్కన చెవి కొత్తగా కుట్టించాలట.

సాయంత్రం పక్కింటి మామ్మ చూడడానికి వచ్చింది.

"మాటీలు ఎట్టకండా అంత బరువు యేలాడదీసేవేటే అమ్మీ?"

"మాటీలంటే ఏటి మామ్మా?"

మామ్మ నావైపు తిరిగింది. "బరువు సెవి మీద పడకండా జుట్టుకి తగిలించే గొలుసులు. నీ పెళ్ళాం రోజూ ఎట్టుకునేది కదా బాబూ. ఇన్నేళ్ళూ ఏటి సూసేవు?"

చూశాను. అందం కోసమే అనుకున్నాను. అందుకే జూకాలిచ్చి, ఆ గొలుసులు మాత్రం నా పెట్టెలో దాచుకున్నాను. ఒకదాని కొక్కేనికి ఆమె వెంట్రుక చుట్టుకుని ఉంది.

పాప నిద్రపోయింది. కుట్లు నలగకుండా కుడివైపుకి తిప్పి పడుకోబెట్టాను.

గొలుసులు రేపు ఇచ్చేస్తాను. వెంట్రుక తియ్యను. ఆమె పోయింది నాకొక్కడికే కాదు.