చెయ్యి నాది, సైకిలు నీది

ప్రియమైన ఫెబీకి,

ప్రభువు కాపుదల నీకు ఉండాలని కోరుతూ నాయన దీవెనలు. కొమరోలులో మేమంతా బాగున్నాం. హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతాను. కవరు మూతకు దారంతో నాలుగు కుట్లు వేశాను. తెగి ఉంటే మీ వార్డెనమ్మ విప్పి చదివినట్టే, నాకు రాయి.

అమ్మ దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. ఆర్‌ఎంపీ ఇచ్చిన రంగు నీళ్ళకు తగ్గిందంటే మాత్రం నేను నమ్మను, దానంతటదే తగ్గింది. "నీకు దేవుని మీదన్నా నమ్మకముందా లేదా?" అని మీ అమ్మ ఎగతాళి చేస్తోంది.

ఇక సైకిలు సంగతి. ఈ ఫ్రేము నీకు పెద్దదనీ, దీని మీదే తొక్కితే నడుమూ మోకాళ్ళూ పోతాయనీ, సరిపడేది తెచ్చేదాకా పోటీకి పంపననీ మీ కోచ్ ఆదిశేషు సారు అన్నాడని రెండు నెలల కిందట రాశావు. నాకప్పుడే అనుమానం వచ్చింది. మార్కాపురంలో నేను స్వయంగా చూసి కొన్న సైకిలు అది. మన పద్ధతిలో మోచెయ్యి సీటు ముక్కుకు ఆనించి చూస్తే వేలికొసలు హ్యాండిలుకు సరిగ్గా తగిలాయి. ఇంకెట్లా పెద్దదవుతుంది? నిన్ను తప్పించి వేరే పిల్లను పంపడానికే ఈ ఎత్తు వేశాడనుకున్నాను.

ఆయన అబద్ధం బయటపెడదామనే పోయిన వారం నా కొలతల పుస్తకం తీశాను. క్రిస్మస్‌కు నీకు ప్యాంటూ చొక్కా కుట్టినప్పటి కొలతలు అందులో ఉన్నాయి. కాలు లోపలి పొడవు ఇరవై తొమ్మిది అంగుళాలు. టేపు తిప్పి చూస్తే డెబ్బై నాలుగు సెంటీమీటర్లకు దగ్గర. సారు కొలిపించిందని నువ్వు రాసిన అంకె కూడా డెబ్బై నాలుగే. చెయ్యి కొలతా కలిసింది. అయినా మనసొప్పక, టేపు మెడలో వేసుకుని మార్కాపురం బస్సెక్కాను.

దుకాణంలో నీ సైకిలులాంటిదీ, దాని కింది సైజుదీ పక్కపక్కన పెట్టించి కొలిచాను. సీటు కింది గొట్టం రెండంగుళాలు తేడా. సీటు దించుకుంటే అది సర్దుకుంటుంది. కానీ సీటుకూ హ్యాండిలుకూ మధ్యనున్న గొట్టం అంగుళమున్నర ఎక్కువుంది. ఆ పొడవుకు నువ్వు ముందుకు సాగిపోయి తొక్కాల్సిందే. దుకాణం పుల్లయ్య నన్ను చూసి నవ్వాడు.

"ఆ పొద్దే చెప్పినా గదన్నా, పాపను తోడుకోని రా అని. చిన్నది చూపిస్తే, అమ్ముడుపోని సరుకు నాకు అంటగడ్తావా అని కొట్లాడినావు. నీ చెయ్యి ఆనించి చూసుకోని పోయినావు" అన్నాడు.

ముప్పై ఏళ్ళలో ఒకరి కొలతకు ఇంకొకరి జాకెట్టు కుట్టి ఎరగను. సిగ్గుతో చచ్చిపోయాను.

నువ్వడిగిన అసలు ప్రశ్నకు జవాబు ఇంతసేపూ తప్పించుకుంటూ వచ్చాను. సారు మీద ఎవరో పేరు లేని అర్జీ పెట్టారనీ, విచారణ అయ్యేదాకా ఆయన్ను గ్రౌండుకు రానివ్వడం లేదనీ రాశావు. నీతోపాటు సైకిలు తొక్కే గోపిక వాళ్ళ నాయనే రాసుంటాడని అందరూ అంటున్నారనీ, నువ్వు కూడా ఆమె పక్కన కూర్చోవడం మానేశావనీ రాశావు. "నీకేమనిపిస్తోంది నాయనా?" అని అడిగావు.

ఆ అర్జీ రాసింది నేనే, ఫెబీ. సారు తన సొంతవాళ్ళ పిల్లలనే పోటీలకు పంపుతాడని, కళ్ళారా చూసినట్టు రాశాను. నాకేమీ తెలియదు. పేరు పెడితే నీకు ఇబ్బందని పెట్టలేదు. నా అనుమానం నాతో పోలేదు, నీకూ అంటించాను. ఏ పాపమూ ఎరగని పిల్లను నువ్వు దూరం పెట్టావంటే అది నా వల్లే. తలచుకుంటే అన్నం సయించడం లేదు.

సోమవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఆఫీసులో నిలబడి నా నోటితోనే చెబుతాను. ఆ కోపంతో సారు నిన్ను జట్టులోంచి తీసేస్తాడేమోనని ఇప్పటికీ అనుమానమే. అయినా వస్తాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా తప్పుపట్టను.

నా కోసం ఆగకుండా ఈ ఉత్తరం చదవగానే గోపిక చేతికివ్వు. ఆమె వాళ్ళ నాయనకు చూపించుకోవాలి కాబట్టి కింద నా పేరు, ఊరు అన్నీ రాస్తున్నాను.

ఇట్లు,
నీ నాయన,
ఏబేలు, టైలరు,
బస్టాండు ఎదురుగా, కొమరోలు.