గంట తాడు నాకివ్వరట

బ్రూస్‌పేట సమస్త జనులకు తెలియజేయడమేమనగా, ఇకమీదట చర్చి గంట తాడు నా చేతికి ఇవ్వరాదని సంఘపెద్దలు తీర్మానించారు.

గ్లోరియమ్మా, తప్పు వాళ్లది కాదు. చిన్నప్పుడు బడికి సెలవు కోసం మీ నాయన నెహెమ్యా, నేను ఉత్తుత్తి చావుగంట కొట్టేవాళ్లం. ఒకసారి శవంలా పడుకున్న మీ నాయన ప్రార్థన మధ్యలో తుమ్మాడు. అందుకే మొన్న కూరెకుప్ప దగ్గర వాడి మైన్స్ లారీ బోల్తాపడి వాడు పోయాడని నేను గంట కొడితే ఎవరూ కదల్లేదు. సాలొమోను అంగట్లోంచే అరిచాడు.

"ఈతూరి ఎవర్ని సంపితివప్పా?"

"నెహెమ్యా."

"పోయినతూరీ వాడే కదప్పా సచ్చింది!"

నా ముఖం చూశాక చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

నర్సింగ్ మానేస్తానంటున్నావట. వద్దమ్మా. నువ్వు చదువు ఆపకూడదన్నదే మీ నాయన ఆఖరి మాట అని చెప్పాను కదా. నేను చేరేసరికే వాడు పోయాడు. ఆ మాట నేను కల్పించిందే. ఈసారి నిజంగా నా మాటగానే అడుగుతున్నా, చదువు మానొద్దు.

మీ మామ