మురుకుల కింద ఉత్తరం

నిన్న ఫోన్‌లో సగంలో ఆపిన మాట ఇదే చిన్నమ్మా. అంతా చెబుదామంటే అమ్మ స్పీకర్ పెట్టేస్తాది. నువ్వు కువైట్‌లో పనికి కుదిరిన సేటు ఇంట్లోంచి పారిపోయి, వీసా లేకుండా టైలర్ షాపులో కుడతా ఉండావని నాకొక్కదానికే తెలుసు కదా. అమ్మేమో వడమాలపేటంతా, "మా చెల్లెలు సేటమ్మకు కూతురు లెక్క!" అని డప్పు కొడతా ఉండాది. నాకు నవ్వూ వస్తాది, భయమూ వేస్తాది.

కువైట్‌లో వీసా లేనోళ్లకు క్షమాభిక్ష పెట్టినారంట. నెలాఖరులోగా ఇంటికి వచ్చేస్తే జైలు లేదు, ఫైనూ లేదు. దాటితే పట్టుకుంటారు. షాపు ఓనరు వీసా కొట్టిస్తానంటే నమ్మొద్దు. ఎంబసీ ఫారం నేనే ఇంగ్లీషులో నింపి ఇందులో పెట్టినా. నువ్వు సంతకం పెట్టు చాలు, అమ్మకేం చెప్పాలో నేను...

తలుపు కొడతా ఉండారు. "మురుకుల డబ్బా యాడ పెట్టినావే? కువైట్‌కు పొయ్యే కుప్పమ్మక్క కారెక్కతా ఉండాది!"

అమ్మే. డబ్బా నా దగ్గరే ఉండాది, దీన్ని మురుకుల కింద దాచేస్తా. అమ్మే తన చేత్తో టేపు వేసి పంపిస్తాది.