డబ్బాలో చేరిన ఆయిల్

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పాకాలలో నీ మెకానిక్ షెడ్డు ఇప్పుడు వేరేవాళ్లు నడుపుతున్నారు. నీ కారు మాత్రం తిరుపతిలో నా దగ్గరే ఉంది. ఇంజిన్ ఆవిరిలో వచ్చే ఆయిల్ మళ్లీ లోపలికి పోకుండా పట్టుకునే డబ్బా, ఆయిల్ క్యాచ్ క్యాన్, దానికి బిగించాలని అనుకునేవాడివి కదా. ఈ ఉదయం నేనే బిగించాను. పైపు కోసి, క్లిప్పులు బిగించేసరికి వేళ్లు గీరుకుపోయాయి.

లీకు ఉందేమో చూడాలంటే ఒకరు సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాలి. నువ్వు ఇంజిన్ చూస్తుంటే ఆ పని ఎప్పుడూ నాదే. బానెట్ దగ్గర నిలబడి ఖాళీ సీటు వైపు చాలాసేపు చూశాను. చివరికి పక్కింటి సుగుణక్కను పిలిచాను.

"నాకు కారు తోలేది రాదు మే, ఎట్ల తొక్కాల?" అంది భయంగా.

"మెల్లగా తొక్కక్కా, నేను ఈడే ఉండా."

ఎక్కడా లీకు లేదు. అక్క వెళ్లిపోయాక చంద్రగిరి దాకా ఒక్కదాన్నే పోయి వచ్చి, డబ్బా విప్పి చూశాను. అడుగున కాస్త నల్లటి ఆయిల్ చేరింది, అంటే డబ్బా పనిచేస్తోంది. ఎవరికైనా చూపిద్దామని చేత్తో పట్టుకుని గేటు దాకా వెళ్లాను. వీధిలో ఎవరెవరో పోతున్నారు. అది చూసి సంతోషపడే మనిషి ఒక్కరూ లేరు, నాయనా.