చిత్తు కాగితాల కింద జమకట్టిన మాసపత్రికలు

స్మృతి నగర్, భిలాయి.

కాలనీ నిర్వహణాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: తమ సిబ్బంది పట్టుకుపోయిన నా పాత మాసపత్రికలను వానలు ముదరక మునుపే తిరిగి ఇప్పించుట గురించి.

1. నేను ఉక్కు కర్మాగారంలో పని చేసి రిటైరైనవాడను. వందేళ్లు దాటిన తెలుగు మాసపత్రికలు సేకరించుట నా వ్యాపకము. విజయనగరం, బరంపురం పాత ఇళ్ల అటకల మీద నుండి దింపించి, రైలులో ఒళ్లో పెట్టుకొని తెచ్చుకున్నవి.

2. మొన్నటి పారిశుధ్య వారోత్సవంలో, నేను ఊళ్లో లేని సమయమున, తమ సిబ్బంది మా వరండాలోని బీరువా ఖాళీ చేసినారు. అడ్డుపడిన మా కోడలు ఛాయతో, చెదలు పడుతున్నాయని పక్కవారు ఫిర్యాదు చేశారన్నారట. నా కట్టల్లో చెద లేదు. ఏటేటా వేపాకు మార్చేవాణ్ణి.

3. తమ కార్యాలయమునకు వెళ్లగా గుమాస్తా గారు, అవి ‘రద్దీ’, అనగా చిత్తు కాగితం కింద నమోదైనవి, వేలంలో తప్ప ఇవ్వరాదన్నారు. వేలంలోనే పాడుకుంటానన్నాను. పాత కాగితాల వ్యాపారులకే ఆ అర్హత అన్నారు. నా వస్తువు నేను కొనుక్కొనుటకు కూడా పనికిరాను.

4. వాటిని పడవేసిన తమ గోడౌన్ కప్పు కారుచున్నది. కిటికీలోంచి చూసితిని. పై కట్టలు తడిసి ఉబ్బిపోయినవి. అయ్యా, అందులో ఒక స్త్రీల పత్రిక ఉంది. ఛాయ ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్న పిల్ల. మా ఇంటికి వచ్చాక, అందులోని తలనూనె ప్రకటనలు కూడబలుక్కుంటూ తెలుగు నేర్చింది. ఇప్పుడు నా చూపు ఆనక, అందులోని నవల మొన్నటిదాకా తనే చదివి వినిపించేది. ఒక వితంతువు చదువుకోవడానికి ఇల్లు విడిచి పడవెక్కింది. అక్కడే ఆగిపోయాం. తరువాతి సంచికలు తమ గోడౌన్‌లో నానుచున్నవి. ఇంకో ప్రతి కోసం ఇన్నేళ్లు తిరిగాను, దొరకలేదు.

కావున ఇప్పించ ప్రార్థన. వీలుకాదంటే ఒక టార్పాలిన్ అయినా కప్పనివ్వండి. నేనే తెచ్చుకుంటాను.

లోగడ ఇచ్చిన అర్జీల వలె దీన్ని కూడా సొరుగులో వేయక ఈసారైనా చిత్తగించవలెను.

ఇప్పటికింకా తమ విధేయుడు,
బొడ్డేపల్లి అప్పలసూరి

తా.క.: సంతకం పెడుతుండగా ఛాయ ఫోన్ చేసింది. వాచ్‌మన్ తలుపు తీయగానే గోడౌన్‌లోకి వెళ్లి కూర్చుందట. రాకపోతే తాళం వేస్తానని అతను అంటున్నాడట. “మామయ్యా, నేను బయటికి రాను. ఇవి రద్దీ అయితే నన్నూ రద్దీలోనే రాసుకోమనండి. కింద కట్టలు సూఖానే, పొడిగానే ఉన్నాయి. పైవి విప్పి ఆరబెడతన్నాను” అంది.

ఈ కాగితం తమ కార్యాలయంలో ఇచ్చి నేనూ అక్కడికే వెళ్తున్నాను. తాళం వేయించదలిస్తే ఇద్దరి మీదా వేయించగలరు.